ఐదు రకాలుగా అడిగిన ప్రశ్న

"ఆ పాపకు ఫిజిక్సు రాదు సార్. నాతో కాదు. వాళ్ళ నాన్నకు కూడా చెప్పేసి వస్తున్నాను."

చక్రధర్ గుమ్మంలోనే ఈ మాటన్నాడు. దస్తగిరి మాష్టారు తలెత్తి చూశారు.

కడపలో నలభై ఏళ్ళు ఫిజిక్సు చెప్పిన మనిషి ఆయన. ఆటిజం ఉన్న పిల్లలకు ఇంటర్ పాఠాలు ఎలా చెప్పాలో నేర్పమని వచ్చిన కుర్ర మాష్టర్లను కాదనేవారు కాదు. చక్రధర్ అలా వచ్చినవాడే. ఐదు పూటలా నమాజు, మధ్యలో మిగిలిన కాలమంతా ఈ పిల్లలే. ఏ పేరుతో పిలిచినా పలికే ఆ దైవం ఇలాంటి వాళ్ళను అప్పుడప్పుడూ మన మధ్యకు పంపుతుంటాడు, నమ్మండి.

"కూర్చోప్పా. ఏమైంది?"

పాప పేరు హైమవతి. పదిహేడేళ్ళు. మనిషి మొహంలోకి చూడదు. మాట్లాడితే గోడతో మాట్లాడినట్టుంటుంది. కానీ ఫిజిక్సు పుస్తకం పక్కన లేకపోతే అన్నం ముట్టదు. నోరు తెరిచి జవాబు చెప్పలేని పిల్లకు ఆ చదువెందుకు, వేరే గ్రూపుకు మార్చేస్తానని తండ్రి పట్టు.

"ఇక్కడ ఊగే లోలకం చంద్రుడి మీద ఊగితే, ఒక్కో ఊపుకు పట్టే కాలం ఎన్ని రెట్లవుతుంది? ఇంతే సార్ నేనడిగింది. పలకలేదు. అర నిమిషం చూసి సూత్రం గుర్తుచేసి అడిగాను. బొమ్మ గీసి అడిగాను. విడగొట్టి అడిగాను, తిరగేసి అడిగాను. ఐదు రకాలుగా! నాకంటే ఓపిగ్గా ఎవరడుగుతారు చెప్పండి?"

ఆ చివరి మాటలో రవ్వంత గర్వం కూడా ఉంది లెండి.

మాష్టారు లేచి ఫ్యాను ఆపారు. ఇనుప నట్టుకు దారం కట్టి కిటికీ ఊచకు వేలాడదీశారు.

"ఇరవై ఊపులకు ఎంతసేపు పడుతుందో చూసి చెప్పు."

చక్రధర్ ఫోను తీశాడు. ఒకటి, రెండు, మూడు... మాష్టారు వేలు పెట్టి నట్టును ఆపేశారు. "ఇటునుంచి వదిలితే బాగుంటుందేమో." మళ్ళీ వదిలారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు... మళ్ళీ ఆపారు. దారం సర్దారు. వదిలారు.

ఐదోసారికి చక్రధర్ చొక్కా చెమటతో తడిసిపోయింది. చిర్రెత్తుకొచ్చింది.

"మీరు ముట్టుకోకుండా ఉంటే కదా సార్ లెక్క తేలేది!"

"సాయం చేస్తున్నాననుకున్నానప్పా," అన్నారు మాష్టారు.

టోపీ పెట్టుకుని నమాజుకు వెళ్ళిపోయారు.

నట్టు ఊగుతూనే ఉంది. చక్రధర్ లెక్కపెట్టడం మరిచిపోయాడు.

తెల్లారీ తెల్లారకముందే హైమవతి ఇంటి తలుపు తట్టాడు. తల్లి తీసింది.

"ఇంకేం సార్... నిన్న మీరు చెప్పి పోయినాక వాళ్ళ నాయన కాలేజీకి పోయి కాయితం ఇచ్చేసినాడు. గ్రూపు మారిపోయింది. పుస్తకాలు అటక మీదికి ఎక్కించినాము. రాత్రి అన్నం తినలేదు ఈ పిల్ల."

"ఒక్క ప్రశ్న అడిగి పోతానమ్మా."

అడిగాడు. ఒక్కసారే అడిగాడు. అడిగి, పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు.

మనసు పెట్టి వినండి తల్లులారా, నోరు మూసుకుని కూర్చోవడమంటే చిన్న తపస్సు కాదు. పాప గోడవైపు తిరిగి ముందుకూ వెనక్కూ ఊగుతోంది. మూడు నిమిషాలు. ఐదు. తల్లి ఏదో అనబోతే చేత్తో వద్దన్నాడు. వీధిలో పాలవాడు వచ్చి వెళ్ళాడు. ఎనిమిది. పదకొండు.

"చంద్రుడి మీద గురుత్వం ఆరో వంతు," అంది హైమవతి గోడతో. "కాలం ఆరు వర్గమూలం రెట్లు. రెండు పాయింట్ నాలుగు అయిదు."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తెలుసే దీనికి! మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు సార్?"

చక్రధర్ తల ఎత్తలేకపోయాడు.

"నేను చెప్పనివ్వలేదమ్మా."