మరిది ఫోనులో చిక్కిన అంకెలు: స్వనామలక్ష్మీ వ్రత కథ

అందరును అక్షతలు చేతబట్టుకొని కూర్చుండుడు. ఫోనులు లోపల పెట్టి రానక్కరలేదు, ఈ వ్రతమునకు అవియును కావలెను. ఇక సావధానముగా వినుడు.

పూర్వము క్షమాకరుడను మహర్షి ఆశ్రమమున మునులందరును కూడియుండగా, శీఘ్రవాక్కు అను ముని లేచి నమస్కరించి, స్వామీ, కలియుగమున యజమాని లేక, నెలజీతము లేక, తమ పని తామే చేసికొని కొద్దిపాటి రాబడితో బ్రతుకువారు ఏ కాగితమునందును కానరాక పెక్కు ఇక్కట్లు పడుచున్నారు, వారు గట్టెక్కు ఉపాయమేది యని యడిగెను. క్షమాకరుడు కన్నులు మూసికొనెను. ఆయనను ఈ ప్రశ్న అడుగుట అది నాలుగవ యేడు. ప్రతి ఆషాఢమునను వారు అడుగుదురు, ఆయన చెప్పును, వినినవారు ప్రసాదము తిని చేతులు కడుగుకొని, వచ్చే యేడు చూతములే యని వెడలిపోవుదురు. అయినను పెట్టుకొన్న పేరు క్షమాకరుడు గనుక ఓర్చుకొని ఇట్లు చెప్పసాగెను.

గోదావరి కాలువ యొడ్డున నొక పట్టణము కలదు. అందు వీరవేణి యను ఇల్లాలు ఉండెను. ఆమె భర్త సూరిబాబు పందిళ్ళు, షామియానాలు వేయువాడు. వీరవేణి పెండ్లి కొబ్బరిబొండములకు పసుపు పూసి, జిగురుతో ముత్యములు, జరీ అంటించి అలంకరించును. వధూవరుల నడుమ పట్టు అడ్డుతెరపై వారి పేర్లు రంగులతో వ్రాయును. పదునెనిమిదేండ్లలో ఆమె వ్రాసిన పేర్లు ఎన్ని జంటలవో ఆమెకే తెలియదు. అట్టి ఆమె పేరు పక్కన మాత్రము ఏ కాగితము చూచినను గృహిణి యని యుండెను. సర్వేకు వచ్చినవారు గుమ్మములో నిలబడి, లోపల పదునాలుగు బొండములు వరుసగా ఆరుచుండుట కన్నులార చూచియు, గృహిణి యని వ్రాసికొని పోయిరి. ఆమెయు అవునండీ యనెను.

వారిది రేకుల ఇల్లు. వాన కురిసినచో ఎచ్చట కారునో రేకులకే తెలియవలెను. అందుచేత వీరవేణికి ఒకే ఒక కోరిక ఉండెను. కల్యాణ మండపమునకు ఎదురుగా సత్తిరాజు మాస్టారికి వరుసగా మూడు గదులు కలవు. వానిలో మూడవ గది ఖాళీగా నుండెను. స్లాబు వేసిన గది. చుక్క నీరు దిగదు. అడ్వాన్సు పదునైదు వేలు.

ఆ యేడు మాఘ ఫాల్గునములలో నగరమునుండి పెండ్లిండ్లు జరిపించు సంస్థవారొకరు వచ్చి, ఆమె పనితనమునకు ముచ్చటపడి పదునొకండు పెండ్లిండ్ల పని యిచ్చిరి. మొత్తము తొంబది రెండు వేలు. ఇక గది దొరికినట్లే యని ఆమె గంపెడాశతో బ్యాంకునకు పోగా, ఖాతాలో డెబ్బది మూడు వేల ఆరు వందలే పడియుండెను. అది బట్ట, జరీ, ముత్యములు అరువిచ్చిన దుకాణములవారికే సరిపోవును. ఫోను చేసి యడుగగా, ఆ సంస్థ లెక్కలు చూచు మనిషి, “మీ పాన్ కార్డు ఆధారుతో కలపలేదండి. అది పన్చెయ్యట్లేదు. అలాంటోళ్ళకి నూటికి ఇరవై పన్ను పట్టుకోమని రూలండి. మీకంత ఆదాయం లేదు కదా, కార్డు కలిపేసి రిటర్ను వేస్కోండి, తిరిగొచ్చేస్తది” అని చెప్పి పెట్టివేసెను.

మునులారా, ఆ పాన్ కార్డు ఎచ్చట నున్నదనుకొంటిరి? బియ్యపు డబ్బాలో, ప్లాస్టిక్ సంచిలో చుట్టబడి, తొమ్మిదేండ్లుగా హాయిగా నిద్రించుచుండెను. కలుపుడు, కలుపుడు అని ప్రభుత్వమువారు ఎన్ని మారులు చెప్పిరి? గడువు ఎన్ని మారులు పొడిగించిరి? చెవిలో ఇల్లు కట్టుకొని చెప్పినను విననివారికి నేనేమి చెప్పుదును? వీరవేణి ఇంటికి పోయి భర్తతో చెప్పగా సూరిబాబు, “పన్ను కట్టేంత సంపాదనే లేనిదానికి రిటర్నేంటే? సంపాదిత్తన్నావని తెలిత్తే రేషన్ కార్డు తీసేత్తారు. నోరు మూసుకుని ఊరుకో” అనెను. ఆమె ఊరుకొనెను. ఇది మొదటి ఉపేక్ష.

ఆషాఢము వచ్చెను. ముహూర్తములు లేక చేతి పని ఆగెను. ఒకనాడు వీరవేణి పూలజడలు అల్లు బేబీ సరోజిని ఇంటికి పోయెను. అచ్చట గోడకు దేవుని పటముల వరుసలో ఒక కాగితము అద్దము కట్టించి, పసుపు కుంకుమలు పెట్టి, మల్లెదండ వేసి యుండెను. అక్కా, ఇదే దేవుడు అని అడుగగా సరోజిని నవ్వి, “దేవుడు కాదే, నేనే! పూలజడలల్లే సరోజినిని నేనేనని రాసిచ్చిన కాయితం” అనెను. వీరవేణి తన కష్టమంతయు వెళ్ళబోసికొనెను. అంతట సరోజిని ఆమెకు స్వనామలక్ష్మీ వ్రత విధానము చెప్పెను.

పాన్ కార్డు, ఆధారు, బ్యాంకు పుస్తకము ఈ మూడింటిని ముందుగా ఒక్కచోట చేర్చవలెను. నిద్రించు కార్డును రుసుము కట్టి మేలుకొలుపవలెను. పిదప చిన్న వృత్తులవారికై ప్రభుత్వము పెట్టిన ఉద్యమ్ నమోదున తన వృత్తిని తన పేర వ్రాసికొనవలెను. దానికి రుసుము లేదు, ఉన్నదని చెప్పి చేయి చాచువానిని గుమ్మము దాటనీయరాదు. ఆ పిమ్మట ఏడాది రాబడిని దాచక రిటర్నులో చెప్పి, కడపట ధ్రువీకరణ చేయవలెను. ముప్పది దినములలో ధ్రువీకరణ కానిచో రిటర్ను వేయనట్లే యగును. ఈ పనులకు మాటిమాటికి ఫోనునకు ఓటీపీ యను ఆరంకెలు వచ్చును గనుక, ఆ ఫోను తనదై యుండవలెను.

ఇంతయు చెప్పి సరోజిని, “ఇంతకీ నీ ఆధారుకి నంబరెవరిదే?” అని యడిగెను.

“మా గంగరాజుదక్కా. అప్పట్లో ఇంట్లో ఫోను మా మరిదికొక్కడికే ఉండేది. అందరికీ వాడి నంబరే రాయించేశాం.”

“ముందది మార్చుకో. తర్వాతే మిగతాయి.”

“అమ్మో, వాడేవనుకుంటాడో! మమ్మల్ని పరాయోళ్ళను చేసేశావా వదినా అంటాడు. ఆ మాత్రం అంకెలు వాడే చెప్తాడులే అక్కా.”

మునులారా, చూచితిరా! విధులన్నియు వినెను, మూలవిధిని విడిచెను. ఇది రెండవ ఉపేక్ష.

గంగరాజు మంచివాడు. వదినె యనిన ప్రాణము పెట్టువాడు. అయితే అతడు బోరు బండిమీద పని చేయుచు ఊరూర తిరుగును. అంకెలో, పది నిమిషములే బ్రతుకును. వీరవేణి కంప్యూటరు సెంటరుకు పోయి కూర్చుండగా అంకెలు అతని ఫోనునకు పోయెను. బోరు హోరులో అతనికి ఫోను వినబడలేదు. అంకెలు గతించెను. రెండవ మారు పోగా అతడు కొండ ఊళ్ళో నుండెను. సిగ్నలు లేదు. అంకెలు గతించెను. మూడవ మారు అతడు ఫోను ఎత్తి, “అన్నం తింటన్నా వదినా, చెయ్యి కడుక్కుని పది నిమిషాల్లో చెప్తా” అనెను. గంగరాజు ఆడిన మాట తప్పువాడు కాడు. సరిగా పది నిమిషములకే చేసెను. అంకెలు గతించెను.

ఇట్లు కాదని అతడు రెండు ఆదివారములు పని మానుకొని వచ్చెను. మొదటి ఆదివారమున నిద్రించు కార్డు మేలుకొనెను. రెండవ ఆదివారమున ఉద్యమ్ నమోదు అయ్యెను. రిటర్నును వెడలెను. సెంటరు మనిషి, “వెళ్ళిపోయిందండి. ఇంక వెరిఫై ఒక్కటే, మళ్ళీ అంకెలొస్తాయి, చెప్పండి” అనుచుండగానే, సూరిబాబు ఫోను చేసి, “కోడికూర చల్లారిపోతందే! ఆడికి నాలుగింటికి బస్సు!” అని కేకలు వేసెను. అసలు పని అయినది గదా, మిగిలినది తరువాత చూతములే యని వదినె మరుదులిద్దరును లేచిరి. పూజ యంతయు చేసి ప్రసాదము ముట్టక లేచిపోయిన వారివలె లేచిరి. కూర కమ్మగా నుండెను. అందరును తృప్తిగా తినిరి. గంగరాజు ఫోను జేబులో వేసికొని బస్సెక్కి పోయెను. ఇది మూడవ ఉపేక్ష.

శ్రావణము వచ్చెను. రేపు పెండ్లి యనగా రాత్రి వాన కురిసి, రేకులు కారి, అడ్డుతెర తడిసి, పెండ్లికూతురి పేరు పెండ్లికొడుకు పేరులోనికి జారి రంగులన్నియు నీలముగా కలిసిపోయెను. పొద్దున్నే వచ్చిన పెండ్లికూతురి తల్లి ఆ తెర చూచి అచ్చటనే విడిచి బయటకు పోయి వేరొకచోట తెర కొనుక్కొనెను. వీరవేణి ఆ తెరను పిండుచు వెక్కివెక్కి ఏడ్చెను. అటుపిమ్మట సత్తిరాజు మాస్టారు కబురు పెట్టి, ఫోను కవర్లు అమ్మువారు గది అడుగుచున్నారనియు, విజయదశమినాడు ఎవరు అడ్వాన్సు తెచ్చి కొబ్బరికాయ కొట్టిన గది వారిదే యనియు చెప్పించెను.

రావలసిన సొమ్ము ఏమయ్యెనని భాద్రపదమున ఆమె సెంటరుకు పరుగెత్తగా, ధ్రువీకరణ జరుగలేదనియు, ముప్పది దినములు దాటిపోయెననియు, గుర్తుచేయు సందేశములన్నియు ఆ నంబరునకే పోయెననియు తేలెను. గంగరాజును అడుగగా, “ఏదో కంపెనీ మెసేజీలనుకుని తీసేశానొదినా” అనెను. అంతట వీరవేణికి జన్మలో రాని కోపము వచ్చెను.

“నా కష్టం నేనడగాలంటే ఎక్కడో బోరుబండి ఆగాలా? నా డబ్బులొచ్చాయో లేదో నీ జేబుకి తెలుస్తది, నాకు తెలవదా? నీ మీద కోపం కాదు గంగరాజూ, పద్దెనిమిదేళ్ళూ అవునండీ అవునండీ అన్నాను చూడు, నా మీదే నాకు కోపం!”

పిదప గంగరాజు, “మార్చేసుకో వదినా. నువ్వు అడగలేదుగానీ నాకూ ఆ అంకెల్తో తల తిరిగిపోతంది” అనెను. ఏ మరిది నొచ్చుకొనునని ఆమె ఇన్నాళ్ళు జంకెనో, ఆ మరిది అడిగిన వెంటనే సరే యనెను. ముందే అడిగియున్నచో ఈ కథ నాకు చెప్పు పనియే లేకపోవును గదా!

మరునాడు వీరవేణి ఆధారు కేంద్రమునకు పోయెను. టోకెన్లు అయిపోయినవి. తెల్లవారి పోగా యంత్రము ఆమె వ్రేళ్ళను గుర్తింపలేదు. కడిగి పెట్టినను లేదు, తుడిచి పెట్టినను లేదు. ఆ యంత్రమువద్ద నున్నతడు, “అమ్మా, మీ వేళ్ళ మీద గీతలు లేవండి” అనెను. ఆమె, “పద్దెనిమిదేళ్ళు బొండాలకి జిగురు రాశాను బాబూ, గీతలెక్కడుంటాయి? ఈ వేళ్ళు చూత్తే తెలట్లేదా నేనేం పన్చేత్తానో?” అనెను. అతడు ఆమె వ్రేళ్ళవంక ఒకసారి చూచెను. మూడవనాడు రమ్మని చెప్పి, ఆనాడు కన్నుల యంత్రము తెప్పించి ఆమె కన్నులతో పని ముగించెను. నంబరు ఆమెది అయ్యెను.

వారము గడచిన పిదప ఆమె సరోజినిని వెంటబెట్టుకొని సెంటరున కూర్చుండి, రిటర్ను మరల మొదటినుండి వేయించెను. వృత్తి యేమని యడుగు చోట కొబ్బరిబొండములు, అడ్డుతెరల పని యని తానే చెప్పెను. ధ్రువీకరణ అంకెలు వెడలెను. ఆమె అలవాటు చొప్పున గంగరాజునకు ఫోను చేయబోగా, ఆ ఫోనే ఆమె అరచేతిలో కంపించెను. అంకెలు ఆరును ఆమె కన్నుల ముందే యుండెను. ఇంతలో సూరిబాబు ఫోను చేసి కూర చల్లారుచున్నదనెను. “చల్లారితే వేడి చేసుకో. నేను లేవను” అని పెట్టివేసి, ఒక్కొక్క అంకెను తానే నొక్కెను.

ఆశ్వయుజమున, విజయదశమికి మూడునాళ్ళ ముందు, పదునెనిమిది వేల నాలుగు వందలు ఆమె ఖాతాకు తిరిగి వచ్చెను. పండుగనాడు ఆమె మూడవ గది ముందు కొబ్బరికాయ కొట్టెను. పగిలిన కాయను చూచి, దీనికి మాత్రము ముత్యములు అంటింపలేదే యని నవ్వుకొనెను. రేషను కార్డును ఎవరును తీసివేయలేదు. సూరిబాబు గది ముందు షామియానా తానే వేసి, డబ్బు పుచ్చుకొనలేదు.

కొన్నాళ్ళకు సర్వే మనిషి మరల వచ్చెను. గది గుమ్మములో నిలబడి, పేరు వ్రాసికొని, అలవాటు చొప్పున గృహిణి యని వ్రాయబోయెను. వీరవేణి చేతిలోని బొండమును క్రింద పెట్టి లేచి, “ఆగండి. అది కొట్టేసి, నేను చెప్పింది రాయండి” అనెను. అతడు కొట్టివేసి, ఆమె చెప్పినది వ్రాసెను. సరిగా వ్రాసెనో లేదో యని ఆమె తొంగి చూచెను.

క్షమాకరుడు ఈ కథ ముగించి ఇట్లు చెప్పెను. దర్జీలు, అప్పడములు చేయువారు, పచ్చళ్ళు పెట్టువారు, ఆటోలు నడుపువారు, ట్యూషన్లు చెప్పువారు, మేళగాండ్రు, పౌరోహిత్యము చేయువారు, ఇంకను ఇది మా పని కాదులే, ఏదో ఖాళీగా ఉండలేక చేయుచున్నామని చెప్పుకొనువారందరును ఈ వ్రతమును చేయవలెను. భక్తితో చేసినవారికి కోసికొన్న సొమ్ము తిరిగి వచ్చును, అప్పు అడిగినప్పుడు బ్యాంకువారు కూర్చుండుమందురు, పన్ను లేనివారికి లేదను మాట వ్రాతమూలకముగా దొరకును. విని చేయనివారికి ఏమగునో మరల చెప్పు ఓపిక నాకు లేదు.

ఇది విని శీఘ్రవాక్కు అక్షతలు తలపై వేసికొని ప్రసాదము కొరకు లేవబోయెను. క్షమాకరుడు అతని భుజము పట్టుకొని కూర్చుండబెట్టి, నీ ఆధారునకు నంబరు ఎవరిది యని యడిగెను.

కావున కథ వినిన మీరును అక్షతలు వేసికొనుడు గాని అప్పుడే లేవకుడు. ప్రసాదము ఎచ్చటికిని పోదు. ఎవరి ఫోను వారు చేతిలోనికి తీసికొనుడు.