సుద్దకొండ పూలు తలవంచిన కథ

ఒకప్పుడు సుద్దకొండ మీద పూలన్నీ నడుమెత్తు కాడల మీద పూసేవి. చైత్రం వచ్చిందంటే తెల్లటి కొండంతా నీలం, పసుపు. అంత ఎత్తునుంచి పూలకు కింద ఏరు కనిపించేది, ఊళ్లు కనిపించేవి. అందుకే వాటికి కాస్త టెక్కు కూడా ఉండేది.

చిక్కల్లా గొర్రెలతోనే. గొర్రెలు కాసే సుంకమ్మ మంద కొండెక్కితే చాలు, పూల తలలు ఎగిరిపోయేవి. గింజ కట్టేదాకా బతికేవి కొన్నే.

ఒకరోజు ఒక నీలిపువ్వు, "సుంకమ్మా, నీ మందను ఇక్కడికి తోలకమ్మా!" అని ఏడ్చింది.

సుంకమ్మది వెన్నలాంటి మనసు. వెనకాముందూ చూడకుండా పువ్వు తలమీద చెయ్యి పెట్టేసింది. "నీ నెత్తిమీద ఒట్టు. ఇంగ నా గొర్రెలు ఈ కొండెక్కవులే, ఏడవాకు!"

పూలు పండగ చేసుకున్నాయి.

ఏళ్లు గడిచాయి. మేసే గొర్రెలు లేక గడ్డి పూలను మించి పెరిగింది. వెలుతురు అందక పూలు ఒక్కొక్కటే చచ్చిపోయాయి. సీతాకోకచిలుకలు వెళ్లిపోయాయి. నేలమీద గూడు కట్టే భరతపిట్టకు ఆ గడ్డిలో పురుగులు దొరకలేదు. దాని పిల్లలు ఆకలికి నోళ్లు తెరుచుకునే ఉన్నాయి.

"అంతా నీ పుణ్యమే తల్లీ!" అని భరతపిట్ట నీలిపువ్వును దెప్పింది.

పువ్వుకు సిగ్గేసింది, భయమూ వేసింది. నీలిపూలలో మిగిలింది అదొక్కటే మరి.

"సుంకమ్మా! మందను తోలుకురా!" అని కేకేసింది.

సుంకమ్మ కొండ కిందే ఆగిపోయింది. "యాడ తోలేది? నీ నెత్తిమీద ఒట్టేస్తి గదా! ఒట్టు తప్పితే నీ తల పోతాదే పిచ్చిదానా!"

"ఒట్టు తీసి గట్టుమీద పెడితే?"

"నీ నెత్తిమీదుండేది నేనెట్ల తీస్తా? నువ్వే దించల్ల."

 తల దించితే ఇక ఏరు కనిపించదు, ఊళ్లు కనిపించవు. పువ్వు గడ్డిలోంచి మెడ సాచి ఏటిని చివరిసారి చూసుకుంది. ఎంత బాధేసిందో!

తర్వాత కాడను మెల్లగా వంచి, తలను సుద్దనేలకు ఆనించింది. ఒట్టు నేలకు దిగింది.

మంద కొండెక్కింది. గొర్రెలు గడ్డిని పరపరా కొరుక్కుంటూ పువ్వు పైనుంచే వెళ్లిపోయాయి. పువ్వు తల వాటి పళ్లకు తగల్లేదు! కొండమీద మళ్లీ ఎండ పడింది. భరతపిట్ట పిల్లల కడుపు నిండింది. పువ్వు గింజ కట్టింది. ఆ గింజల్లోంచి వచ్చిన పిల్లలన్నీ తలవంచుకునే పుట్టాయి.

అప్పటినుంచే సుద్దకొండ పూలు నేలనంటుకుని పూస్తున్నాయి. వాటి మొహం చూడాలంటే ఎంత గొప్పవాళ్లయినా మోకాళ్లమీద కూర్చోవాల్సిందే.