ఎండకు మారని ఆకుపచ్చ

అనగనగా అంటే, మీ ముత్తవ్వకు ముత్తవ్వ కూడా పుట్టని రోజుల్లో ఒక రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తికి దిట్ట, నడిమివాడు బాణానికి దిట్ట. చిన్నవాడు వర్ణకేతుడు పొద్దస్తమానం బొమ్మలు వేస్తూ కూర్చునేవాడు. వాడికి మేనమామ కూతురు మందారవల్లి అంటే ప్రాణం.

సరిగ్గా పెళ్లిపీటల మీంచి ఆ పిల్లను ఘంటాముఖుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి రాతిబొమ్మను చేశాడు. విడిపించబోయిన అన్నలిద్దరూ రాళ్లయ్యారు. అప్పుడు చిన్నవాడు కుంచెలు చంకన పెట్టుకుని, తాబేలు వీపెక్కి ఏడు సముద్రాలు దాటాడు.

మాంత్రికుడు పకపకా నవ్వాడు. "నా ప్రాణం ఆ మామిడిచెట్టులో చిలుకై ఉందిరా! మూడు రోజుల్లో అదెక్కడుందో చూపించు, అందరినీ వదిలేస్తాను. లేదా నువ్వూ రాయివే. చెట్టు ఎక్కకూడదు, కొమ్మ ఊపకూడదు."

మొదటి రోజు వర్ణకేతుడు చెట్టు బొమ్మ వేశాడు. ఒక ఉడుత దిగొచ్చి చూసింది. "ఇది మా చెట్టు కాదు బాబూ. నీ చేతికి అలవాటైన ఆకులే వేశావు" అంది. నిజమే, పాపం!

రెండో రోజు కళ్లు చించుకుని చిలుక కోసం వెతికాడు. భయం కొద్దీ ప్రతి ఆకూ చిలుకలానే కనబడింది. "చిలుకను మర్చిపో బాబూ. ఊరికే చెట్టును చూడు" అంది ఉడుత.

మూడో రోజు పసుపులో నీలి కలుపుకుంటూ ఒక్కో ఆకునూ చూసి వేశాడు. ఎండ మారినకొద్దీ ఆకుల రంగు మారుతోంది, తనూ మళ్లీ మళ్లీ కలుపుతున్నాడు. ఒక్కచోట మాత్రం పొద్దున కలిపిన రంగే సాయంత్రానికీ సరిపోయింది. మాయచిలుక రంగు ఎండకు మారదు కదా! "అదిగో!" అని వేలు చూపించాడు.

చిలుక ఎగిరొచ్చి వాడి అరచేతిలో గజగజ వణికింది. మాంత్రికుడూ వణికాడు. "మెడ విరిచెయ్ బాబూ!" అంది ఉడుత. వాడికి చేతులు రాలేదు. రోజంతా అంత శ్రద్ధగా చూసినదాన్ని ఎలా చంపుతాడు? చిలుకను నిమిరి, "నీ ప్రాణం నువ్వే దాచుకో తాతా. నా వాళ్లను నాకిచ్చెయ్" అన్నాడు. మాంత్రికుడు భోరున ఏడ్చి, రాళ్లన్నిటినీ మనుషులను చేసి, మంత్రదండాన్ని సముద్రంలోకి విసిరేశాడు.

మందారవల్లి కళ్లు నులుముకుని, "ఇంత చిక్కిపోయావేం బావా?" అంది.

పెళ్లయింది. అన్నలే పట్టుబట్టి తమ్ముడికి పట్టం కట్టారు. అరవై ఏళ్లు చల్లగా ఏలాడు, ఏటా ఆమె బొమ్మ వేశాడు. జుట్టు నెరిశాక ఒకనాడు ఆమె నవ్వి, "ఈ ముఖం నీకింకా కంఠతా రాలేదా బావా?" అంది.

"వచ్చేసిందనుకున్న రోజున తప్పు వేస్తాను. కాస్త ఇటు తిరుగు" అన్నాడు రాజు.