నాలుగో గడిలో పేరు

కాకినాడ రేవుకు దగ్గర్లో లైఫ్ జాకెట్లు కుట్టించే చక్రధరం, చెయ్యని పనిని కూడా చేసినట్టు రాసేసే మనిషి.

అలాగని అతను మోసగాడు కాదు. తొందర ఎక్కువ. "ముందు కాగితం తయారుగా ఉండాలి. పనిదేముంది, రేపు చేసుకోవచ్చు" అనేవాడు. ఆ రేపు మాత్రం ఎప్పుడూ వచ్చేది కాదు.

అతని షెడ్డులో ఇరవై రెండు కుట్టుమిషన్లు ఉండేవి. వెనక గదిలో ఏడున్నర అడుగుల లోతున్న సిమెంటు తొట్టి ఉండేది. వంద జాకెట్లు ఒక లాటు. ప్రతి లాటులోంచి ఒకటి తీసి, ఇనుప గుండు కట్టి, తొట్టిలో ఇరవై నాలుగు గంటలు వదలాలి. మర్నాటికీ తేలుతూ ఉంటే ఆ లాటు బయటికి వెళ్లొచ్చు. మునిగితే మొత్తం విప్పేయాలి. ఈ నియమం ఏ అధికారీ పెట్టలేదు. కంపెనీ తెరిచిన రోజున చక్రధరమే రాసి గోడకు అంటించాడు.

పరీక్ష చేసేది నూకరాజు. ముప్పై అయిదేళ్లు సముద్రంలో వేట చేసి, మోకాళ్లు అరిగాక ఈ పనికి కుదిరాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, తొట్టి పక్కన చెక్కపీట వేసుకుని, నీళ్లలోకి చూస్తూ కూర్చునేవాడు. లాటుకొక కాగితం ఉండేది. అందులో మూడు గడులు: లాటు నంబరు, తేదీ, ఫలితం. నూకరాజు స్కేలు పెట్టి ఇంకో గీత గీసి నాలుగో గడి చేసుకున్నాడు. అందులో ప్రతిసారీ ఒక పేరు రాసేవాడు.

"ఎవరివి తాతా ఈ పేర్లు?" అని ఒకసారి చక్రధరం అడిగాడు.

"సముద్రంలో పోయినవాళ్లవి బాబూ. ఈ జాకెట్టు చింతాలుది. మొన్నటిది వాడి తమ్ముడిది. అప్పట్లో మాకు ఇవి లేవు కదా. ఇప్పుడు వేసి చూస్తున్నాను, తేలేవాళ్లేమోనని."

చక్రధరం నవ్వి ఊరుకున్నాడు. ఆ పేర్లు మళ్లీ ఎప్పుడూ చదవలేదు.

ఒక ఏడాదిలో నలభై ఆరు లాట్లు పరీక్షించి నూకరాజు మూడింటిని వెనక్కి పంపాడు. చక్రధరం నోటిలెక్కల్లో దిట్ట. "నలభై ఆరు పరీక్షలంటే నలభై ఆరు రోజులు. ఏడాదిలో నెలన్నర నీళ్లు చూస్తూ కూర్చున్నాం తాతా. మునిగినవి మూడే. మిగతా నలభై మూడు రోజులూ దండగే కదా?" అన్నాడు.

"ఆ మూడూ మూడొందల మంది బాబూ" అన్నాడు నూకరాజు.

ఫిబ్రవరిలో చక్రధరం జాకెట్ల లోపల పెట్టే స్పాంజి కొత్త చోటు నుంచి తెప్పించాడు. పాతవాళ్లు పది రోజులు తీసుకునేవారు, వీళ్లు రెండు రోజుల్లో పంపేవారు. అదే ఊపులో ఇరవై ఖాళీ పరీక్ష కాగితాలు నూకరాజు ముందు పెట్టాడు.

"రోజూ ఈ మోకాళ్లతో ఏం వస్తావు తాతా? వీటిమీద సంతకాలు పెట్టి ఇచ్చెయ్. మిగతాది నేను నింపుకుంటాను."

"చూడని జాకెట్టుకి సంతకమా?"

"చూశాననుకో."

నూకరాజు చాలాసేపు తొట్టిలోకి చూశాడు. "నాలుగో గడి మాత్రం నేనే నింపుతాను" అన్నాడు. కాగితాలు ఇంటికి పట్టుకెళ్లి, మూడో రోజు తెచ్చి ఇచ్చాడు. ఆ తరవాత అతను షెడ్డుకు రాలేదు. మార్చి పదకొండున నిద్రలోనే పోయాడు.

చక్రధరం రెండు రోజులు బాధపడ్డాడు. తరవాత కాగితాలు బయటికి తీశాడు. నలభై ఏడో లాటు, ఏప్రిల్ రెండు, తేలింది. నలభై ఎనిమిది, ఏప్రిల్ ఇరవై, తేలింది. నలభై తొమ్మిది, మే మూడు, తేలింది. రోజంతా పట్టే పని అరనిమిషంలో అయిపోయేది. లాటుకొకటి చొప్పున పరీక్షకని తీసిన మూడు జాకెట్లు బీరువాలోనే ఉండిపోయాయి. మిగతా రెండు వందల తొంభై ఏడూ రేవులోని పడవలవాళ్లకు వెళ్లాయి. వేట నిషేధం కాలం కాబట్టి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. జూన్ పదిహేను తెల్లవారితే అన్నీ సముద్రం మీదికి వెళ్తాయి.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం పైడితల్లి అతని బల్ల దగ్గరికి వచ్చింది. కుట్టేవాళ్లందరికీ ఆమే పెద్ద. ఆమె భర్త ఎర్రయ్య ఒక వేట పడవ మీద పనిచేసేవాడు.

"బాబుగారూ, నూకరాజు తాత పీట ఆరట్లేదండి. కిటికీలోంచి చూశాను."

"ఎవరో నీళ్లు పోసుంటారు."

"ఆ గది తాళం మీ దగ్గరే ఉంది కదండి."

చక్రధరం తాళం తీసి చూశాడు. ఎండకు రేకులు టపటపలాడుతున్నాయి. మూడు నెలలుగా వాడని తొట్టిలో నీళ్లు అడుగుకు దిగిపోయాయి. పీట మాత్రం తడిగా ఉంది. ఇప్పుడే ఎవరో తడిబట్టలతో కూర్చుని లేచినట్టు, చెక్క మీద రెండు నల్లటి గుండ్రాలు. వంగి వాసన చూశాడు. తొట్టిలోది కుళాయి నీరు. పీట మీద ఉప్పు వాసన.

గుడ్డతో తుడిచాడు. మర్నాడు మళ్లీ తడి. ఎండలో పెట్టించాడు. ఎండలోనూ తడి. చివరికి పీటను గదిలోకి నెట్టించి, ఉన్న తాళం పక్కన ఇంకో తాళం వేశాడు.

ఆ వారమే ఒమాన్ నుంచి ఒక వ్యాపారి ఐదువేల జాకెట్లు కావాలని రాశాడు. ఐ.ఎస్.ఓ. 9001 సర్టిఫికెట్టు ఉంటేనే కొంటానన్నాడు. చక్రధరం వెంటనే దరఖాస్తు పెట్టాడు. తనిఖీకి హైమవతి అనే ఆవిడ జూన్ పద్నాలుగున విశాఖపట్నం నుంచి వచ్చింది. ముందురోజే తొట్టి నింపించి, షెడ్డుకు సున్నం కొట్టించాడు.

"సున్నం బాగుంది. కాగితాలు చూపించండి" అందామె.

"మీ ప్రమాణం ప్రకారం జాకెట్టు ఎలా ఉండాలో చెబితే అలాగే చేస్తాం మేడమ్."

"ఈ ప్రమాణం అది చెప్పదు చక్రధరంగారూ. మీరు ఏం చేస్తామని రాసుకున్నారో అది రోజూ చేస్తున్నారా, చేశారనడానికి రుజువుందా, తప్పు దొరికితే మళ్లీ రాకుండా చూస్తున్నారా, ఇదే అడుగుతుంది." గోడ మీది నియమం చదివి, కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. "చక్కగా ఉన్నాయి. ఈ నూకరాజుగారిని పిలవండి, పరీక్ష ఎలా చేస్తారో ఆయన నోటితో వింటాను."

"సెలవులో ఉన్నాడు మేడమ్."

"ఎప్పుడొస్తారు?"

పైడితల్లి మిషను ఆపింది. "ఆయన తిరిగొచ్చే చోటికి వెళ్లలేదమ్మా. మార్చి పదకొండున పోయాడు."

ఒకదాని తరవాత ఒకటి ఇరవై రెండు మిషన్లూ ఆగిపోయాయి.

హైమవతి చేతిలోని కాగితం వంక చూసింది. "మే మూడున జాకెట్టు పరీక్షించి సంతకం పెట్టారే" అంది మెల్లగా. తరవాత అడిగింది, "ఈ నాలుగో గడిలో పేర్లేమిటి?"

"సముద్రంలో పోయినవాళ్లవి" అన్నాడు చక్రధరం. "ముసలాడి చాదస్తం."

"అందరూ పోయినవాళ్లేనా? నలభై ఏడు, గరికిన బండియ్య."

కుట్టేవాళ్లలో ఒకామె తలెత్తింది. "బండియ్య మా మరిదండి. పొద్దున్నే వలలు సర్దుకుంటున్నాడు."

"నలభై ఎనిమిది, ఓలేటి సత్తిరాజు."

"ఆయనా ఉన్నాడండి" అన్నారు ఇంకెవరో.

"నలభై తొమ్మిది, మైలపల్లి ఎర్రయ్య."

పైడితల్లి లేచి నిలబడింది. "మా ఆయన. తెచ్చుకున్నది ఆ లాటు జాకెట్టే" అంది. తరవాత తనలో తాను అనుకున్నట్టు అంది, "తాత ఎరిగినవాళ్లలో పోయినవాళ్లు నలభై ఆరుగురే. తర్వాత రాయడానికి ఎవరూ మిగల్లేదు. బతికున్నవాళ్లని రాశాడు."

ఆ ముగ్గురూ వేసుకోబోయేది ఏ లాటు జాకెట్లో ఫిబ్రవరిలో నూకరాజుకు ఎలా తెలుసని ఎవరూ అడగలేదు.

హైమవతి ఇంకో కాగితం తిప్పింది. అది ఇంకా నింపనిది. సంతకం ఉంది, నాలుగో గడిలో పేరుంది. ఆమె పైకి చదవలేదు. కాగితం చక్రధరం వైపు జరిపింది. అతని పేరే. దాని కిందున్న పదహారు కాగితాల మీదా సంతకాలున్నాయి, నాలుగో గడి ఖాళీగా ఉంది.

చక్రధరం ఆ కాగితాన్ని బోర్లించాడు. అయినా నవ్వాడు. "ఇదంతా ఎందుకు మేడమ్? నలభై తొమ్మిదో లాటు పరీక్ష జాకెట్టు బీరువాలో ఉంది. ఇరవై నాలుగు గంటలెందుకు, అరగంటలో తేల్చేస్తాను. నేనే వేసుకుని దిగుతాను."

"వద్దు. మీరు రాసుకున్న పరీక్ష అది కాదు."

"బాబుగారికి ఈత కూడా రాదమ్మా" అంది పైడితల్లి.

"జాకెట్లు చేసేవాడికి ఈతెందుకు?" అంటూ అతను రెండు తాళాలూ తీసి, జాకెట్టు వేసుకుని తొట్టిలోకి దిగాడు.

తేలాడు. భుజాలు నీళ్లకు పైనే ఉన్నాయి. "చూశారా?" అన్నాడు. పది నిమిషాలకు నీళ్లు భుజాలెక్కాయి. హైమవతి బయటికి రమ్మంది. "ఇంకో పది" అన్నాడు. పదిహేను నిమిషాలకు గడ్డానికి తగిలాయి. అప్పుడు మెట్ల వైపు కదలాలని చూశాడు. నీళ్లు తాగిన జాకెట్టు రాయిలా బరువెక్కింది. ఎవరో నడుం పట్టుకుని కిందికి లాగుతున్నట్టు ఉంది. కాళ్లు చాపితే అడుగు తగల్లేదు.

అతని కళ్లు నీటి మట్టానికి వచ్చాయి. ఎదురుగా గట్టు మీద పీట ఖాళీగా ఉంది. నీళ్లలో దాని నీడ మాత్రం ఖాళీగా లేదు. తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి ఒకడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తేలుతాడేమోనని ఓపిగ్గా చూస్తున్నాడు.

తరవాత చెవుల్లోకి నీళ్లు వచ్చాయి.

పైడితల్లి చివర కొక్కెమున్న గెడ అందించింది. పట్టుకునే ఓపిక అతనికి లేదు. జాకెట్టు పట్టీకి కొక్కెం తగిలించి నలుగురూ లాగారు. గట్టు మీద పడి దగ్గాడు. నోట్లోంచి వచ్చిన నీళ్లు ఉప్పగా ఉన్నాయి. కళ్లు తెరవగానే అడిగింది సర్టిఫికెట్టు గురించి కాదు.

"ఎర్రయ్య పడవ ఎక్కడుంది?"

అప్పటికి మధ్యాహ్నం రెండు. తెల్లవారితే పడవలు వెళ్తాయి. రెండు వందల తొంభై ఏడు జాకెట్లు. చక్రధరం తడిబట్టలతోనే వ్యాను ఎక్కాడు. పడవ పడవకూ వెళ్లి, "ఇవి మునుగుతాయి, తిరిగి ఇచ్చేయండి" అని తన నోటితోనే చెప్పాడు. కొందరు తిట్టారు. కొందరు నవ్వారు. "ఇంతకాలం తేలాయని రాసింది ఎవరంటా?" అని ఒకడు అడిగితే, "నేనే" అన్నాడు. సాయంత్రం ఆరింటికి రెండు వందల తొంభై ఆరు దొరికాయి. మిగిలినదాన్ని ఎర్రయ్య పడవలో తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

"మెత్తగా ఉందండి" అన్నాడు ఎర్రయ్య లేచి కూర్చుంటూ. "తలగడలే కుట్టండి బాబుగారూ, మీకు చెయ్యి తిరిగింది."

జాకెట్లు లేని పదకొండు పడవలు మూడు రోజులు ఆగిపోయాయి. చక్రధరం పాత స్పాంజి ఎలాగో తెప్పించి, అందరి చేతా యాభయ్యో లాటు కుట్టించాడు. ఒకటి తీసి, గుండు కట్టి తొట్టిలో వదిలాడు. పక్కనే పాత మూడు లాట్ల పరీక్ష జాకెట్లనూ వదిలాడు. తడి పీట మీదే కూర్చున్నాడు. మూడూ గంట తిరక్కుండా అడుగు చేరాయి. నాలుగోది ఇరవై నాలుగు గంటలూ తేలింది. అప్పుడు తన పేరున్న కాగితంలో లాటు నంబరు, తేదీ, ఫలితం రాశాడు. కింద నూకరాజు సంతకాన్ని కొట్టేసి తన సంతకం పెట్టాడు.

లేచి చూస్తే పీట పొడిగా ఉంది.

హైమవతి ఆ ఏడాది సర్టిఫికెట్టు ఇవ్వలేదు. ఒమాన్ వ్యాపారి వేరేచోట కొనుక్కున్నాడు. చక్రధరం పరీక్ష పని పైడితల్లికి అప్పగించాడు. లాటు ఆపే హక్కు ఆమెదే, తనకు కూడా అడ్డుచెప్పే వీల్లేదని గోడ మీద రాశాడు. ఏ జాకెట్టు ఏ స్పాంజితో, ఎవరి చేతుల్లో తయారైందో రాయడం మొదలుపెట్టాడు. తప్పు ఎక్కడ పుడుతోందో కనబడసాగింది. వందకు తొమ్మిది మళ్లీ కుట్టాల్సి వచ్చేవి, ఏడాది తిరిగేసరికి ఒకటికి దిగాయి. తొట్టి పక్కన పోయాయనుకున్న రోజులన్నీ అలా తిరిగొచ్చాయి. పడవలవాళ్లు కాగితం అడిగి చూసి మరీ కొనేవారు. మరుసటి జూన్‌లో హైమవతి వచ్చి, "పరీక్ష చేసేవారిని పిలవండి" అంది. పైడితల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. ఈసారి సర్టిఫికెట్టు వచ్చింది. ఒమాన్ వ్యాపారి మళ్లీ రాశాడు.

నూకరాజు సంతకంతో మిగిలిన పదహారు కాగితాలనూ చక్రధరం వాడలేదు, పారేయలేదు. కొత్త కాగితాల్లో మాత్రం నాలుగో గడి అచ్చు వేయించాడు. ప్రతి లాటుకూ అందులో బతికున్న ఒక మనిషి పేరు రాయించి, ఆ పేరు పైకి చదివాకే జాకెట్టును తొట్టిలో వదలనిచ్చేవాడు.

చెయ్యని పనిని చేసినట్టు రాస్తే కాగితం ఒప్పుకుంటుంది కానీ నీళ్లు ఒప్పుకోవు. చేస్తానని రాసుకున్నది ఎవరూ చూడకపోయినా చేసేవాడి సరుకునే లోకం నమ్ముతుంది.