ఎక్కి వెతికిన గుంత

వేదాచలం గారు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టే రకం గురువు కాదు. ఉపగ్రహాలు తీసిన బొమ్మల్లో నేలను చదవడం నేర్పే ఆ చిన్న శిక్షణా కేంద్రంలో, ఎవరేం అడిగినా ఆయన ముందు కళ్ళజోడు తుడుచుకునేవారు. తర్వాత అడిగినవాడికి ఏదో ఒక పని అప్పగించేవారు. ఆ పని చేసి వచ్చేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరికి అడిగిన ప్రశ్నే గుర్తుండేది కాదు.

ఓబులేసు కదిరి వైపు నుంచి వచ్చినవాడు. బొమ్మ ముందు కూర్చుంటే వాడికి ఒళ్ళు తెలిసేది కాదు. పైర్లు ఎర్రగా, నీళ్ళు నల్లగా కనిపించే ఆ వింత రంగుల లోకంలో మెల్లగా తేలుతూ పోయేవాడు. వాగులు చీలుతూ, కలుస్తూ వాడి కిందుగా సాగిపోయేవి. అక్కడ దుమ్ము లేదు, ఎండ లేదు, మనుషుల గొడవ అసలే లేదు. ఆరు నెలలకే వీడి కళ్ళు నెత్తికెక్కాయని తోటివాళ్ళు అనుకున్నారంటే తప్పు వాళ్ళది కాదు. ఆకాశం నుంచి చూడ్డం మరిగినవాడి కళ్ళు ఇంకెక్కడ ఉంటాయి?

ఆ ఏడు నల్లరాళ్ళపల్లె అనే పాతికిళ్ళ ఊరివాళ్ళు వేదాచలం గారిని వెతుక్కుంటూ వచ్చారు. ఊళ్ళో మూడు బోర్లూ ఎండిపోయాయి. వాననీళ్ళు నిలిచి భూమిలోకి ఇంకేందుకు ఒక ఊటకుంట తవ్విస్తామని సర్కారు ఒప్పుకుంది. ఎక్కడ తవ్వాలో వాళ్ళకు తెలియక కాదు, దరఖాస్తుకు ఉపగ్రహ పటం జతచేయాలని నియమం. పటంలో చూపిన చోటు నేలమీద కనిపించకపోతే ఆ కుంట పక్క ఊరికి పోతుంది. గురువు గారు ఆ ఊరి బొమ్మను ఓబులేసు ముందు పెట్టారు. బొమ్మ ఉండగా మనుషులెందుకని వాడు వచ్చినవాళ్ళను ఒక్క మాటైనా అడగలేదు. ఉత్తరం పైకి ఉండేలా కాగితం సర్దుకుని రెండు రోజులు చూశాడు. ఊరికి పడమట లోతైన గుండ్రటి గుంత తేటగా కనిపించింది. చుట్టూ గీత గీసి సంతకానికి తెచ్చాడు.

“వెళ్ళి చూశావా?” అన్నారు వేదాచలం గారు.

“లేదు సార్. ఇంత తేటగా కనపడతాంటే పోయే పనేముంది? తెలీక అడుగుతాండా, ఎన్నేండ్లు చదివితే నేలమీదికి పోకుండానే మన కండ్లను మనం నమ్ముకోవచ్చు సార్?”

గురువు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. “రేపు పొద్దున్నే బస్సుంది. నీ గుంత అడుగు నుంచి ఒక రాయి పట్టుకురా” అన్నారు.

ఓబులేసు బస్సు దిగేసరికి మార్గశిరపు మంచు దట్టంగా కమ్ముకుని ఉంది. నాలుగడుగుల అవతల ఏముందో తెలియదు. ఒక చేతిలో పటం, మరో చేతిలో దిక్సూచి పెట్టుకుని పడమటికి నడిచాడు. గడ్డి తడిగా కాళ్ళకు తగులుతోంది. ఎక్కడో మేకల గంటలు మోగుతున్నాయి. పటం ప్రకారం వాడు దిగుతున్నాడు, మోకాళ్ళ ప్రకారం ఎక్కుతున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు కదా, ఇదేదో గట్టు అయి ఉంటుంది, దాటితే లోతు వస్తుందిలే అనుకున్నాడు. గట్టు ఎంతకీ అయిపోలేదు. ఆయాసం వచ్చింది, చెమట పట్టింది. ఇది నడకో నిద్రో వాడికే తెలియని ఒక ఘడియలో, తల మంచులోంచి బయటికి వచ్చింది. చుట్టూ తెల్లటి మంచు, పైన ఎండ. ఎదురుగా బండమీద ఒక ముసలమ్మ, ఆమె చుట్టూ మేకలు.

“ఏం నాయనా, ఏమన్నా పోగొట్టుకున్యావా?”

“లేదవ్వా. గుంత వెతుకుతాండా.”

“గుంత కోసరం కొండెక్కినావా సామీ!” అని ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని పగలబడి నవ్వింది. మేకలు కూడా తలెత్తి వాడివంక చూశాయి.

ఓబులేసు సిగ్గుతో అక్కడే చతికిలబడ్డాడు. ఎండ ముదిరేకొద్దీ మంచు విడిపోయి, పాతికిళ్ళూ ఒకటొకటిగా బయటపడ్డాయి. బిందెలు ఎత్తుకున్న ఆడవాళ్ళు దూరంగా రోడ్డు పట్టి పోతున్నారు. ఊరికి ఉత్తరాన ఒక్కచోట మాత్రం మంచు ఇంకా గిన్నెలో పాలలా నిలిచి ఉంది. అది వాడు పటంలో దిబ్బ అని రాసుకున్న చోటు. తన గీత నిన్ననే ఆఫీసుకు చేరి ఉంటే ఆ బిందెలు ఇంకెన్నేళ్ళు అలా నడిచేవో తలచుకుంటూ వాడు శిఖరం మీది రాయి ఒకటి ఏరుకున్నాడు.

సాయంత్రం గురువు గారి బల్లమీద రాయి పెట్టాడు. “సార్, నా గుంత అడుగున కొండ శిఖరముంది.”

వేదాచలం గారు పటాన్ని తలకిందులుగా తిప్పారు. గుంత చూస్తుండగానే ఉబ్బి కొండ అయింది. “పొద్దుటి బొమ్మ ఇది. ఎండ ఆగ్నేయం నుంచి, అంటే నీ కాగితం కిందివైపు నుంచి పడింది. మన కన్నేమో వెలుగు ఎప్పుడూ పైనుంచే వస్తుందనుకుంటుంది. అందుకే కొండ గుంతలా, గుంత దిబ్బలా కనిపిస్తుంది” అన్నారు.

ఓబులేసు పాత గీత చెరిపి, మంచు నిలిచిన చోట కొత్త గీత గీశాడు. గురువు గారు సంతకం పెట్టారు. నల్లరాళ్ళపల్లెకు కుంట దక్కుతుంది. వాడు తేలికపడిన మనసుతో, ఇప్పుడెలా కనిపిస్తుందో చూద్దామని పటాన్ని మళ్ళీ ఉత్తరం పైకి తిప్పాడు. చాలాసేపు చూశాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. చివరికి పటాన్ని బల్లమీద పెట్టేశాడు.

“ఎక్కొచ్చినా గదా సార్! కాళ్ళు ఇంకా పీకుతానే ఉండాయి. అయినా మళ్ళా గుంతే కనపడతాంది. ఈ పని నాకు రాదేమో సార్.”

వేదాచలం గారు పటాన్ని దగ్గరికి లాక్కుని, తీరిగ్గా చూశారు.

“నాకూ గుంతే కనిపిస్తోంది ఓబులేసూ” అన్నారు. “ముప్పై రెండేళ్ళుగా చెప్పులు అరగదీసుకుంటున్నది మరెందుకనుకున్నావు?”