తాడు వదిలే చోటు

సువార్తమ్మగారికి ఒక అలవాటుండేది. ఎవరేది అడిగినా నోటితో జవాబు చెప్పేది కాదు. "పద, అలా వెళ్ళొద్దాం" అనేది, లేకపోతే చేతికి ఏదో ఒక పని అప్పగించేది. అత్తగారి మీద కోపం ఎలా అణుచుకోవాలమ్మా అని అడగొచ్చిన ఒక కోడలికి బుట్టెడు రొయ్యలిచ్చి ఒలవమందట. ఆ పిల్ల కోపం ఏమైందో ఎవరికీ తెలియదు గానీ, ఆ పూట ఇద్దరూ రొయ్యల కూరతో భోంచేసి, మిగిలింది గిన్నెలో పెట్టి అత్తగారికి కూడా పంపారట. అదీ ఆమె వరస. బైబిలు ఉమన్‌గా ఊరూరా తిరిగి వాక్యం చెప్పి, కాళ్ళు ఇక చాలన్నాక గవ్వలపాలెంలో సముద్రపొడ్డున చిన్న రేకుల ఇంట్లో కుదురుకుంది.

అదే ఊరి గుడికి పాస్టరుగా వచ్చాడు నతానియేలు. మెట్ట ప్రాంతం పిల్లాడు, చిన్నప్పుడు ఆమె దగ్గరే సండే స్కూల్లో అక్షరాలూ వాక్యమూ నేర్చుకున్నవాడు. మంచివాడు, కష్టపడేవాడు. ఎంత కష్టపడేవాడంటే గంట తనే కొట్టేవాడు, పాట తనే ఎత్తుకునేవాడు, ప్రార్థన తనే, ప్రసంగం తనే, స్త్రీల కూటంలో ఎవరు ఏ వచనం చదవాలో కూడా తనే చెప్పేవాడు. గుడి తాళాలు రాత్రి తలగడ కింద పెట్టుకుని పడుకునేవాడు. ఏడాది తిరిగేసరికి మనిషి సగమయ్యాడు. గుళ్ళో జనం సగమయ్యారు. ఉన్నవాళ్ళు కూడా బొమ్మల్లా కూర్చుని, అయిపోగానే చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోతున్నారు.

క్రిస్మస్ నెల మొదలైంది. ఒక శనివారం తెల్లవారుతుండగా అతను సువార్తమ్మగారి గుమ్మం ముందు నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మగారూ, ఇవాళ పొద్దెక్కాక సంఘపెద్దలు గుడి దగ్గర కూడుతున్నారు. నన్ను పంపించెయ్యండని చెప్పేద్దామనుకుంటున్నాను. ఈ మంద నావల్ల కాదు. వెళ్ళేముందు ఒక్క మాట మిమ్మల్ని అడగాలి. కాపరి ముందు నడవాలా, వెనక నడవాలా? బైబిలు కాలేజీలో ముందు నడవాలన్నారు. మా ఊళ్ళో గొర్రెలు కాసేవాళ్ళేమో వెనకే నడుస్తారు. నేను ముందు నడిచి చూశాను, వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. వెనక నిలబడి చూశాను, ఒక్కరూ కదల్లేదు."

ఆమె పొయ్యి మీద టీ దించి, అతనికొక గ్లాసు ఇచ్చి, తను కూడా తాగింది. గ్లాసులు కడిగి బోర్లించింది. "పద, అలా ఒడ్డుకెళ్ళొద్దాం" అంది. అతనికి నవ్వూ వచ్చింది, నీరసమూ వచ్చింది. ఆమె సంగతి తెలుసు కదా, వెంట నడిచాడు.

ఆ రోజు మంచు అలాంటిలాంటి మంచు కాదు. సముద్రమూ లేదు, ఆకాశమూ లేదు. లోకాన్నంతా ఎవరో తెల్లటి దుప్పటి కప్పి ఇంకా నిద్ర లేపలేదన్నట్టుంది. అలల చప్పుడు మాత్రం ఎక్కడో పక్కింట్లో ఎవరో ఊపిరి తీస్తున్నట్టు వినిపిస్తోంది. ఆ తెల్లదనంలో నుంచి ఒక లావుపాటి తాడు తడితడిగా బయటికొచ్చి, ఇసక మీద వరసగా నిలబడ్డ మనుషుల చేతుల్లో నుంచి పైకి పాకుతోంది. పెద్దవల లాగుతున్నారు. పడవ లోపలికి పోయి వలను అర్ధచంద్రంలా పరిచి వస్తే, దాని రెండు కొసల తాళ్ళనూ ఒడ్డునుంచి రెండు జట్లు లాగుతాయి. రెండో జట్టు మంచులో ఎక్కడో ఉంది, దాని కేక మాత్రం వినిపిస్తోంది. వారాల తరబడి వల ఖాళీగా వచ్చింది. నిన్న సాయంత్రం నెత్తళ్ళ చేపల గుంపు ఒడ్డుకు దగ్గరగా కనిపించిందట. అందుకే పాలెం మొత్తం ఇక్కడే ఉంది.

నీళ్ళ దగ్గర్నుంచి ఒక గొంతు పాట అందిస్తోంది. ఆ గొంతు విని నతానియేలు ఆగిపోయాడు. ముసలి గొంతే, కానీ ఎంత నిండుగా ఉందనుకున్నారు! పాట చివర గొంతు కాస్త విరిగేది, ఆ విరుపులో నుంచే అందరూ ఒక్కసారి "హైలెస్సా" అని తాడు లాగేవాళ్ళు. మంచంతా ఆ పాటతో కదులుతున్నట్టుంది.

"ఎవరమ్మగారూ అది?"

"తాడు పట్టుకో అబ్బాయ్" అంది ఆమె. తను మాత్రం బోర్లించిన పడవ మీద కొంగు కప్పుకుని కూర్చుంది.

పాస్టరుగారు ప్యాంటు మడిచి తాడు దగ్గరికి రాగానే జనం గబగబా జరిగి చోటిచ్చారు. "అయ్యగారు కూడానా! రండి రండి, ఇక్కడ పొడిగా ఉంటుంది, ఇక్కడ పట్టుకోండి." అతను వరస మధ్యలో నిలబడి, మడమలు ఇసకలో దిగేసి, సముద్రం వైపు మొహం పెట్టి వెనక్కి వెనక్కి నడుస్తూ లాగడం మొదలుపెట్టాడు. ఒళ్ళు వెచ్చబడింది. దిగులు కూడా కొంచెం వదిలినట్టనిపించింది.

కాసేపటికి ఒక సంగతి గమనించాడు. తన వెనకనున్న వాళ్ళు ఒక్కొక్కరే తాడు వదిలేసి, తన పక్కనుంచే దిగువకు నడిచిపోయి మంచులో మాయమవుతున్నారు. ఒకడు వెళ్ళాడు. ఇంకొకడు వెళ్ళాడు. ఒకామె కొంగు బిగించుకుని చక్కగా నడిచిపోయింది. నతానియేలుకి ఉక్రోషం వచ్చింది. 'చూశావా, ఇక్కడా ఇంతే. నా గుళ్ళోనూ ఇంతే. ఒక్కొక్కరూ జారుకుంటారు, చివరికి నేనొక్కడినే మిగులుతాను' అనుకున్నాడు. చివరికి నిజంగానే వరసకు చిట్టచివర అతనే మిగిలాడు. అప్పుడతను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఎవరు వదిలినా నేను వదలను ప్రభువా అని లోలోపల ప్రార్థన కూడా చేసుకున్నాడు, పాపం.

చివరికొచ్చినవాడు తాడు వదిలి, కిందికెళ్ళి, నీళ్ళలో దిగి, మళ్ళీ అందరికంటే ముందు పట్టుకోవాలని మెట్ట ఊరి మనిషికి ఎవరు చెప్తారు? చెప్పేవాళ్ళున్నారు, కానీ ఎలా చెప్తారు? అయ్యగారాయె. అతని ముందున్నవాడు అయ్యగారు పట్టుకుని ఉండగా తను వదిలిపోతే ఏం బాగుంటుందని పట్టుకునే ఉన్నాడు. వాణ్ణి చూసి వాడి ముందువాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. అందరూ మర్యాదస్తులే! మర్యాదగా అందరూ వెనక్కి వెనక్కి నడుస్తూ ఇసక దిబ్బ ఎక్కి సరుగుడు చెట్ల దాకా వచ్చేశారు. కింద నీళ్ళ అంచున కొత్తగా తాడు పట్టుకోవడానికి ఒక్కడూ దిగలేదు.

తాడు కదలడం మానేసింది. ఆ తర్వాత, మెల్లగా, పక్కకు ఈడ్చుకుపోవడం మొదలుపెట్టింది. ప్రవాహం వలను తోస్తోంది. నతానియేలు పళ్ళు బిగించి లాగాడు, అరచేతులు మండాయి, అయినా తాడు అటే పోతోంది. అప్పుడే కింద పాట ఆగిపోయింది. మధ్యలో, మాట సగంలో ఆగిపోయింది. పాట ఆగేసరికి ఆ తెల్లదనమంతా ఉన్నట్టుండి బరువెక్కినట్టయింది.

"అయ్యగారూ!" అని మంచులోంచి ఒక ఆడగొంతు కేకేసింది. చేపల బుట్ట పుచ్చుకుని దిబ్బెక్కి వస్తున్న సలోమమ్మది ఆ గొంతు. "ఆ తాడు పట్టుకుని అట్నించటే బస్టాండుకు వెళ్ళిపోతారా ఏంటి? వదలండి బాబూ! కింద మా ముసలాయనొక్కడే నీళ్ళలో ఉన్నాడు. ఈళ్ళెవరూ చెప్పరు, ఈళ్ళ మర్యాద మండిపోను! మీరు వదిల్తేనే గదా ఈళ్ళు వదిలేది!"

అతనికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక కూడా చేతులు వదలడానికి ఒప్పుకోలేదు. వదిలితే మొత్తం వల పోతుందేమో, పాలెం పొట్టకూడు పోతుందేమో అని భయం. 'దేవా' అన్నాడు. వదిలాడు.

తాడు పోలేదు. అతని చేతుల్లోంచి జారి, ముందువాడి చేతుల్లో అలాగే నిలబడింది.

ఖాళీ చేతులతో అతను దిబ్బ దిగాడు. వరస పొడుగునా నడుస్తుంటే మంచులో నుంచి ఒక్కొక్క మొహమూ వచ్చి, దగ్గరగా నిలిచి, వెనక్కి వెళ్ళిపోతోంది. వేదిక మీదనుంచి ఆదివారం ఆదివారం చూసిన మొహాలే. కానీ ఇంత దగ్గరగా ఎప్పుడు చూశాడు! ఈ మనిషికి కనుబొమ మీద పాత గాయముంది. ఈ తల్లి పెదవులు కదుపుతూ ఏదో ప్రార్థించుకుంటోంది. ఇతను తనని చూసి సిగ్గుపడి నవ్వాడు. తన అడుగుల వెనకే ఇంకొకరి అడుగులు, వాటి వెనక ఇంకొకరివి వినిపిస్తున్నాయి. వరస కదిలింది. అది నడకో కలో అతనికే తెలియలేదు.

నీళ్ళలో మొల లోతున, తాడును ఛాతీకి ఆనించుకుని, అలకు ఊగుతూ ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. సలోమమ్మ భర్త, గుళ్ళో గోడవారన చివరి వరసలో కూర్చుని, నోరు తెరవకుండా వెళ్ళిపోయే యేసుపాదం. నతానియేలు ఆయన్ని దాటి ఇంకొంచెం లోతుకు వెళ్ళి, ముసలాయన ముందు తాడు అందుకున్నాడు. చల్లగా జివ్వుమంది. అవతల ఏమీ కనిపించదు, తెల్లదనం తప్ప. ఆ తెల్లదనం లోపల ఏదో నిండుగా, బరువుగా, బతికి ఉన్నది తాడు పొడుగునా అతని చేతుల్లోకి కొట్టుకుంటోంది.

అతని వీపు వెనకనుంచి పాట మళ్ళీ లేచింది. ఆ నిండు గొంతు యేసుపాదానిది. నతానియేలు జీవితంలో మొదటిసారి ఎత్తుకోకుండా, వెనక పలికాడు. "హైలెస్సా!"

మంచు పల్చబడేసరికి వల ఒడ్డుకు చేరింది. ప్రవాహం ఈడ్చినప్పుడు కొంత జారిపోయింది గానీ, మిగిలింది చాలు. నెత్తళ్ళు ఇసక మీద వెండి పోసినట్టు ఎగిరెగిరి పడుతున్నాయి. పిల్లలూ కాకులూ ఒకటే గోల.

నతానియేలు యేసుపాదం పక్కన చతికిలబడ్డాడు. "తాతా, మీరింత బాగా పాడతారని నాకెవరూ చెప్పలేదే?"

"ఇంతకుముందు గుళ్ళో నేనే ఎత్తుకునేవాణ్ణి బాబూ" అన్నాడు యేసుపాదం, పంచె పిండుకుంటూ. "తమరొచ్చాక తమరు ఎత్తుకుంటున్నారు గదా. అయ్యగారు మొదలెట్టాక మనం నోరు తెరిస్తే ఏం బాగుంటుంది?" ఆ మాటలో నిష్ఠూరం ఇసుమంత లేదు. అదే నతానియేలుకి గుచ్చుకుంది. తన అరచేతుల్లో తాడు ఒరుసుకున్న చారలు చూసుకున్నాడు.

"రేపు మొదటి పాట మీరెత్తుకోండి. నేను కింద మీ పక్కన నిలబడి పలుకుతాను" అన్నాడు.

"అయిపోయింది!" అంది సలోమమ్మ బుట్ట సర్దుకుంటూ. "ఇవాళ రాత్రంతా గొంతు సవరిస్తాడు. ఇంట్లో మాకు నిద్రుండదు." అని దోసెడు చేపలు తీసి సువార్తమ్మగారి ఒళ్ళో కొంగులో పోసింది.

ఎండ వచ్చింది. ఊళ్ళోనుంచి గుడి గంట వినిపించింది, సంఘపెద్దలు వచ్చేసినట్టున్నారు. నతానియేలు ఉలిక్కిపడి మొల తడుముకున్నాడు. తాళాలు అక్కడే ఉన్నాయి. మరి గంట ఎవరు కొట్టారు? గంట తాడు బయటే వేలాడుతుంది గదా, తాళంతో పనేముంది. ఎవరైనా కొట్టచ్చు. ఇన్నాళ్ళూ ఆ సంగతి తట్టనే లేదు. అతను తనలో తనే నవ్వుకున్నాడు.

లేచి సువార్తమ్మగారి ముందు నిలబడ్డాడు. అడిగిన ప్రశ్న నోటి దాకా వచ్చింది, కానీ దాన్నెలా అడగాలో ఇప్పుడు తెలియలేదు. బట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, ఒళ్ళంతా ఇసక.

"పెద్దలు ఎదురుచూస్తుంటారమ్మగారూ. ఇంటికెళ్ళి బట్టలు మార్చుకుని వెళ్తాను" అన్నాడు.

ఆమె కొంగులోని చేపలు జాగ్రత్తగా ముడేసుకుంటూ తలెత్తి అతన్ని పాదాల నుంచి ఛాతీ మీది తడి గీత దాకా చూసింది.

"వద్దబ్బాయ్, ఇలాగే వెళ్ళు. ఎక్కడిదాకా దిగావో వాళ్ళకీ కనపడనీ."