గొణిగే కుండ

తొలకరి పడి వారమైంది. వాగు ఒడ్డున నేరేడు చెట్ల కింద నేలంతా ఊదారంగుకి తిరిగింది. పందులు మెక్కాయి, కోతులు మెక్కాయి, ఉడతల మూతులు కూడా నీలమయ్యాయి. ఎలుగుబంటి గున్నయ్య మాత్రం ఒక్క పండూ నోట్లో వేసుకోలేదు. దొరికినవన్నీ ఏరి గుహకి మోసుకుపోయాడు.

పెళ్ళాం పోలమ్మ ఏటా ఇదే రోజుల్లో నేరేడు వైను పెట్టేది. పోయిన చలికాలం ఆమె పోయింది. పది వానాకాలాలు ఆ వైను కడుపారా తాగాడు గున్నయ్య. ఒక్క ఏడైనా పక్కన కూర్చుని ఎలా చేస్తున్నావని అడిగిన పాపాన పోలేదు. ఆమె పిసుకుతుంటే గురక పెట్టేవాడు, వడకడుతుంటే ఆవలించేవాడు, అయిందనగానే లేచి మూతి తుడుచుకునేవాడు. ఇలాంటి మొగుళ్ళు అడవిలో కూడా ఉంటారు.

ఇప్పుడు ఆ రుచి కోసం అతని నాలుక కాదు, ప్రాణం కొట్టుకుంటోంది.

పోలమ్మ వదిలి వెళ్ళినవి రెండే. ఒకటి, గుహ కప్పుకి వేలాడే సొరబుర్ర. అందులో నిరుటి వైను అడుగున మిగిలిన మడ్డి ఉంది. ఏ ఏటి మడ్డి ఆ ఏడు దాచి, మరుసటి ఏడు కొత్త రసంలో కలిపేది. ఆ మడ్డి పోతే ఆ రుచి మళ్ళీ పుట్టదు. రెండోది, ఒక ముళ్ళపంది ముల్లు. అదెందుకో గున్నయ్యకి తెలియదు. ఆమెదని చెవి వెనక బొచ్చులో గుచ్చుకుని తిరుగుతున్నాడు.

పశువుల కాపరులు వదిలేసిన కుండలో పళ్ళు పిసికాడు. తేనె పోశాడు. సొరబుర్ర మొత్తం వంచేశాడు. మోదుగాకు కప్పి వదులుగా తీగ చుట్టాడు.

మూడో రోజు నక్క వీరాసామి వచ్చాడు. వాసన పట్టే వచ్చాడు, కానీ మొహం మాత్రం పరామర్శకి వచ్చినవాడిలా పెట్టాడు.

“ఎలా ఉన్నావు మామా? అత్తని తలుచుకోని రోజు లేదనుకో. అవునూ, ఆ కుండ ఏంటి, గొణుగుతోంది?”

గున్నయ్య చెవి ఒగ్గాడు. నిజమే. గుడగుడ, బుసబుస. ఆకు పక్కనుంచి నురగ కూడా కారుతోంది.

“అయ్యో, ఇదేంటి అల్లుడూ?”

“చెడిపోయింది మామా. లోపల విషం ఉడుకుతోంది. మా మేనత్త కొడుకు ఇలాంటిదే తాగి నాలుగు కాళ్ళూ పైకెత్తేశాడు.”

“పోలమ్మ మడ్డి మొత్తం ఇందులోనే పోశాను రా!”

“ఏం చేస్తాం. నీ చేత్తో నువ్వు పారబొయ్యలేవు. నాకివ్వు, దూరంగా పారేసి వస్తాను. నీ కోసం ఆమాత్రం చెయ్యనా?”

గున్నయ్య అటు తిరిగి కుండ ఇచ్చేశాడు. ఇచ్చి, ఆ రోజంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున ముళ్ళపంది సూరమ్మ వచ్చింది. పోలమ్మకి పిన్ని వరస.

“కుండేదిరా?”

చెప్పాడు. సూరమ్మ ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి.

“నీ బొచ్చు తగలెయ్య! గొణిగితేనే రా అది బతికున్నట్టు! మూడు రోజులూ నా కూతురు పోలమ్మ ఆ కుండకి చెవి ఆనించి కూర్చునేది, చూళ్ళేదూ?”

“నిద్రపోయేవాణ్ణి పిన్నీ.”

“ఆ చెవి వెనక ముల్లు నేనిచ్చిందే. దేనికనుకున్నావ్, సింగారానికా? ఆకుకి చిల్లులు పొడవడానికి! ఊపిరాడకపోతే కుండ పగులుద్ది.”

గున్నయ్య ఆ మాట పూర్తిగా వినకుండానే పరుగెత్తాడు. సూరమ్మ రొప్పుతూ వెనకే పరుగెత్తింది.

వీరాసామి తన బొరియ ముందు ఎత్తుగా కూర్చుని ఉన్నాడు. కింద ఏదో ఉంది, పైన బండరాయి, ఆ రాయి మీద వాడు.

“కుండ ఏది రా?”

“పారబోశాను కదా మామా. వాగులో.”

వాడి కిందనుంచి సన్నగా వినిపించింది. గుడగుడ. గున్నయ్య చెవులు రిక్కించాడు. పదేళ్ళు నిద్రలో విన్న చప్పుడే. ఇన్నాళ్ళూ పోలమ్మే గొణుక్కుంటోందనుకున్నాడు.

చెయ్యెత్తి ముందుకి ఉరకబోతే సూరమ్మ కాలికి అడ్డం పడింది.

“ఆగరా. వీరాసామీ, కడుపులో చప్పుడా నాయనా?”

“ఆఁ, అజీర్తి అవ్వా.”

“మరి ఈ వాసన దుమ్ములగొండికి తగిలితేనో?”

“తగల్దులే! మూడు వేళ్ళ మందాన బంకమట్టి మెత్తాను, ఈగ కూడా...” అని నాలుక కరుచుకున్నాడు.

“అబ్బో, తెలివంటే నీదే. ఇంకొంచెం గట్టిగా అదిమి కూర్చో,” అంటూ సూరమ్మ గున్నయ్యని చెట్టు చాటుకి నెట్టింది.

ఢామ్మంది!

రాయి ఒకవైపు, వీరాసామి ఒకవైపు ఎగిరిపడ్డారు. వాడి తోకనుంచి ముక్కుదాకా ఊదారంగు. ఎన్ని వానలు కురిసినా అది పోలేదు. వాణ్ణి చూస్తే కోడిపిల్లలు కూడా ఆమడ దూరంనుంచి గుర్తుపట్టి కూత పెట్టేవి.

గున్నయ్య నక్కని చూడనేలేదు. మోకాళ్ళ మీద పడి పెంకులు ఏరుతున్నాడు. కుండ అడుగు పెంకు ఒక్కటి గిన్నెలా మిగిలింది. అందులో రెండు దోసిళ్ళ మడ్డి. దాన్ని పసిగుడ్డుని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.

“ఒరే,” అన్నాడు అప్పుడు వీరాసామితో, “నీ బొరియలో కొట్టుకొచ్చిన కుండలున్నాయి. మంచిది ఒకటి తే. చెట్ల కింద ఇంకా పళ్ళున్నాయి. చీకటి పడేలోపు ఏరు.”

నక్క కుంటుకుంటూ ఏరాడు. గున్నయ్య పిసికాడు, తేనె కలిపాడు, మడ్డి పోశాడు, ఆకు కప్పాడు. చెవి వెనక ముల్లు తీసి ఒక్కో చిల్లు పొడిచాడు. ఆ తర్వాత కుండకి చెవి ఆనించి కూర్చున్నాడు. ఈసారి కునుకు తియ్యలేదు.

మూడో రోజు ఎండవేళ అతని మొహం మారింది.

“మాట్లాడుతోంది పిన్నీ.”

“ఏమంటోంది?”

గున్నయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

“పోలమ్మ ఎప్పుడూ అనే మాటే. తొందరపడకు, కొంచెం ఆగు అంటోంది.”

మీకు ఇష్టమైనవాళ్ళ చేతిపని వాళ్ళు ఉండగానే పక్కన కూర్చుని నేర్చుకోండి. పోయాక ఎంత ఏడ్చినా కన్నీళ్ళతో కుండ నిండదు.